వినాయకుడి ఫ్లెక్సీలో ఎవరి తలకాయ ఎక్కడ పెట్టాలి?

సి క్యాంపు కోశాధికారి:

మాది కర్నూలు, సి క్యాంపు వెనక వైపు కాలనీ. ఈసారి చవితి కమిటీలో నన్ను కోశాధికారిని చేశారు. లెక్కలు బాగా రాస్తానని కాదు, ఎవరేమన్నా ఎదురు చెప్పనని. ఆ పదవితో పాటు ఫ్లెక్సీ పని కూడా నా నెత్తిన పడింది. విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చాం, మైకు సెట్టు మాట్లాడాం, పోలీసు పర్మిషనుకు అర్జీ పెట్టాం. ఫ్లెక్సీ మాత్రం తెమలడం లేదు.

సంగతేమంటే, మా వీధిలో పెద్ద చందాదారులు ఇద్దరు. ఎదురెదురు ఇళ్లు. ఒకాయన కాంట్రాక్టరు, కూటమి మనిషి. విగ్రహం ఖర్చు ఆయనది. ఇంకొకాయన వెంచర్లు వేస్తాడు, వైసీపీ. అన్నదానం ఆయనది. పొద్దున వాకింగుకు ఇద్దరూ కలిసే పోతారు, తిరిగొచ్చాక ఎవరి గేటు వాళ్లు వేసుకుంటారు. "నాదేముందప్పా, దేవుడి పని, నా ఫొటో ఎందుకు" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. నేను ఇంటికొచ్చి ఫోను చూసుకునేసరికి ఇద్దరి దగ్గర నుంచీ వాట్సాప్‌లో ఫొటోలు వచ్చి ఉన్నాయి.

కాంట్రాక్టరు పంపినవి: మోదీ, చంద్రబాబు, పవన్ కల్యాణ్, లోకేశ్, ఎంపీ, ఎమ్మెల్యే, ఆయన, డిగ్రీ చదివే వాళ్లబ్బాయి. అబ్బాయి ఫొటో కింద 'యువనేత' అని వేయాలట. 2025లో మండపాలకు ఉచితంగా కరెంటు ఇచ్చారు కదా, కృతజ్ఞత ఉండాలి కదా అంటాడు. వెంచర్ల ఆయన పంపినవి: వైఎస్సార్, జగన్, జిల్లా అధ్యక్షుడు, ఇన్‌చార్జి, ఆయన, ఆయన బావమరిది. బావమరిది ఎందుకని అడిగితే సౌండ్ బాక్సులు వాళ్లవే అన్నాడు.

వీళ్లు చాలరని విగ్రహం మోసే కుర్రాళ్ల బ్యాచ్ ఒకటి. మా ఫొటోలు లేకుంటే ట్రాక్టరు మీదికి వినాయకుణ్ణి ఎవరెక్కిస్తారో చూస్తామన్నారు. అందరూ నల్లద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నడుస్తున్న ఫోజులే పంపారు. వాళ్లంతా అంత అర్జెంటుగా ఎవరితో మాట్లాడుతుంటారో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. వీటి మధ్యలో మా వార్డులో కార్పొరేటరుగా గెలిచినావిడ భర్త ఫోను చేసి, తన ఫొటో 'లేటెస్ట్‌ది' పంపుతానన్నాడు. ఆవిడది పాతదైనా ఫరవాలేదట.

డిజైనరు మొదటి ప్రూఫు పంపాడు. పది బై ఎనిమిది సైజు. అంతమంది మధ్యలో వినాయకుడు ఆధార్ కార్డు మీద ఫొటో అంత ఉన్నాడు. మా ఆవిడ చూసి "ఈయనది ఏ వార్డు?" అని అడిగింది.

మీ ఊళ్లలో ఇలాంటివి ఎట్లా సర్దుకుంటున్నారు? ఎవరూ అలగకుండా, చందా వెనక్కి పోకుండా దారి చెప్పండి. నీతులు వద్దు, అవి మా నాన్న చెప్తున్నాడు.

నంద్యాల చెక్‌పోస్ట్:

దేవుడి బొమ్మ ఒక్కటే వేయండి. అయిపోతుంది.

సి క్యాంపు కోశాధికారి:

అయిపోతుంది, చందా కూడా.

బుధవారపేట:

ఫొటో స్థలాన్ని వేలం వేయండి సార్. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2024కి ముప్పై లక్షలు దాటింది. లడ్డూ అయితే తినేస్తే అయిపోతుంది. ఫొటో అయితే తొమ్మిది రోజులు ఉంటుంది, వానొస్తే ఇంకా మెరుస్తుంది. మీ కాలనీకి సొంత కల్యాణ మండపం కట్టుకోవచ్చు.

కడప డిజైనర్:

నేను కడపలో ఫ్లెక్సీ డిజైనింగ్ చేస్తాను. కోరల్‌డ్రా, ఫోటోషాప్ రెండూ. మీ ప్రూఫు చేసిన తమ్ముడి మీద నాకు జాలిగా ఉంది, ముందు ఆ మాట చెప్పాలి.

దీనికి రాసి లేని వ్యాకరణం ఒకటి ఉంది. పై వరసలో గుండ్రటి ఫొటోలు వస్తాయి, వాటిని మేం బుడగలు అంటాం. రాష్ట్ర నాయకులు అక్కడ. కుడి పక్కన నిలువెత్తు ఫొటో డబ్బులిచ్చినాయనది. ఇక్కడ తమాషా ఏమంటే, ముఖ్యమంత్రి తల కన్నా డబ్బులిచ్చినాయన తల ఎనిమిదింతలు పెద్దగా ఉన్నా ఎవరూ ఏమీ అనరు. అదే పై వరసలో ఇద్దరు నాయకుల బుడగల్లో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే రాత్రి పన్నెండుకు ఫోను వస్తుంది. కట్టిన ఫ్లెక్సీ దగ్గరికి నిచ్చెన వేసుకుని టేపుతో కొలిచిన మనిషిని నేను చూశాను.

కూటమి ఫ్లెక్సీ మాకు కష్టం. ఒకే పార్టీ అయితే రెండు బుడగలు, పని అయిపోయేది. ఇప్పుడు మూడు పార్టీల వాళ్లూ రావాలి, ఎవరి పక్కన ఎవరు అన్నది మళ్లీ లెక్క. నా హార్డ్‌డిస్కులో నాయకుల ఫొటోలకు ఒక ఫోల్డరు ఉంది, దాంట్లోంచి నేను ఎవర్నీ డిలీట్ చేయను. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికి వచ్చినప్పుడు "ఆ మోదీ ఫొటో తీసేయప్పా, ఫైల్లో కూడా ఉండకూడదు" అని నా పక్కన కూర్చుని తీయించినవాళ్లున్నారు. 2024 మార్చిలో పొత్తు కుదిరింది. వాళ్లే వచ్చి "మోదీది మంచి ఫొటో ఉందా?" అని అడిగారు. ఉంది. అదే ఫొటో.

కండువా రంగు మార్చడం అర నిమిషం పని. పార్టీ మారిన మనిషి కొత్తగా ఫొటో దిగాల్సిన పని లేదు. నవ్వు అదే, దండం అదే, కండువా ఒక్కటే మారుతుంది. 2024లో మా దగ్గర మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆ మధ్య మూడు వారాలు ఊళ్లో అందరికీ టెన్షన్, మాకు మాత్రం పని. ఒకాయన రెండు ఫైళ్లు చేయించి పెట్టుకున్నాడు, గెలిచింది ఎవరైనా శుభాకాంక్షలు తెలపడానికి. జూన్ 4 పొద్దున పదకొండు గంటలకు ఒక ఫైలు ప్రింటుకు పోయింది. రెండోది నా దగ్గర భద్రంగా ఉంది. డబ్బులు రెండింటికీ ఇచ్చాడు, ఆ మాట చెప్పాలి.

మీరంతా అనుకున్నట్టు ఫ్లెక్సీ నాయకుడి కోసం కట్టేది కాదు. నాయకుడు అద్దాలెక్కించిన కారులో పోతాడు, ఆయన చూడడు. చూసేది ఎస్సై, ఎదురింటాయన, పిల్లనిచ్చే మామ. పైనున్న బుడగ కింది ఫొటోకు పూచీకత్తు, అంతే. ఒట్టి తన ఫొటో మాత్రమే వేసుకుని సర్కిల్లో కట్టి చూడండి, మర్నాడు పొద్దున ఉండదు. పైన నాలుగు బుడగలుంటే పీకడానికి వచ్చినాయన ముందు ఎవరికో ఫోను చేసి అడుగుతాడు. మా అన్న కొడుకు ఇంటర్ తప్పాడు, పని లేదు. ఊళ్లో ఎవరూ వాణ్ణి ఏమయ్యా అని పలకరించేవాళ్లు కాదు. అప్పు చేసి ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఒక ఫ్లెక్సీ కట్టాడు. అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర వాడికి కుర్చీ ఇస్తున్నారు. నేను నవ్వాను గాని, వాడు అప్పు ఎందుకు చేశాడో నాకు తెలుసు.

ఇక మీ పని. ఒక్క ఫ్లెక్సీలో ఇరికించొద్దు. మండపానికి అటొకటి ఇటొకటి, రెండూ ఒకే సైజు, ఒకే ఎత్తు సరుగుడు కర్రలకు కట్టండి. వినాయకుడి వెనక ఒక తెర, దాంట్లో మనిషి తల ఒక్కటి కూడా ఉండకూడదు. కుర్రాళ్లకు ప్రింటు వద్దు, వాట్సాప్ స్టేటస్‌కు సరిపోయే సైజులో ఒక్కొక్కడికీ విడిగా డిజైన్ చేసి ఇమ్మనండి. ఇప్పుడు వాళ్లకు గోడ మీద కన్నా స్టేటస్‌లోనే కావాలి. ఏఐతో నాయకుడు భుజం మీద చెయ్యి వేసినట్టు చేసిమ్మంటారు, దానికి మాత్రం ఒప్పుకోవద్దు. మొన్న ఒకడికి అలా చేస్తే నాయకుడి చేతికి ఆరు వేళ్లు వచ్చాయి. అది ఊరంతా తిరిగింది.

ప్రింటు చదరపు అడుగుకు పది, పన్నెండు రూపాయలు తీసుకుంటారు. అసలు ఖర్చు ఫ్రేము, కట్టుబడి. అది ఎవరిస్తారో ముందే మాట్లాడుకోండి. ఫొటో కోసం వచ్చిన పోట్లాట ఒకరోజు ఉంటుంది, ఫ్రేము డబ్బుల పోట్లాట మళ్లీ చవితి దాకా ఉంటుంది.

రిటైర్డ్ డీటీ:

నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసి రిటైరయ్యాను. ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను. పైన కడప తమ్ముడు చెప్పినదానికి రెండు మూడు విషయాలు కలుపుతాను.

ఎన్నికలప్పుడు అభ్యర్థి గురించి కరపత్రం గాని పోస్టరు గాని వేస్తే దాని మీద ప్రింటరు పేరు, అడ్రసు, వేయించినవాళ్ల పేరు, అడ్రసు ఉండాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షను. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. జైలు సంగతి అలా ఉంచండి, ఆ రెండు వేలు ఇప్పుడు ఫ్రేముతో కలిపి ఒక మోస్తరు ఫ్లెక్సీకి కూడా రావు. అభ్యర్థి ఖర్చులో ఫ్లెక్సీలు కూడా లెక్కేస్తారు. అసెంబ్లీకి 40 లక్షలు పరిమితి. మేం వీడియో తీసి, కొలిచి, రేటు కట్టి రిజిస్టరులో రాసేవాళ్లం. అభ్యర్థి మనిషి వచ్చి "అది మాది కాదు సార్, అభిమాని ఎవరో కట్టాడు" అనేవాడు. ఎన్నికల కోడ్ లేనప్పుడు ఆ అభిమాని పేరు, ఫోను నంబరు ఫ్లెక్సీ మీద అడుగు ఎత్తు అక్షరాలతో ఉంటుంది. కోడ్ రాగానే ఆయన అజ్ఞాతవాసం.

2024 మార్చి 16న షెడ్యూలు వచ్చింది, ఆ సాయంత్రం నుంచే తీయించడం మొదలు. నాయకుల విగ్రహాలకు ముసుగులు వేయాలి. మా వాళ్లు ఎన్టీఆర్ విగ్రహానికీ వైఎస్సార్ విగ్రహానికీ ఒకే తానులోంచి గుడ్డ చించారు. ఆ రోజు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

సర్కారు ఫొటోల సంగతి ఇంకా ముచ్చటైనది. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప ఇంకెవరివీ ఉండకూడదని సుప్రీంకోర్టు 2015 మేలో చెప్పింది. 2016 మార్చికి ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రులు కూడా ఉండొచ్చని సడలించింది. అంటే పది నెలలు పట్టింది. మన దగ్గర 2015లో చంద్రన్న కానుక సంచి మీద ఫొటో వచ్చింది. తర్వాతి ప్రభుత్వంలో పట్టాదారు పాసుపుస్తకం మీద జగన్ ఫొటో వచ్చింది, పొలంలో పాతిన సర్వే రాయి మీద కూడా. తాతల నాటి పొలానికి ముఖ్యమంత్రి ఫొటో ఎందుకయ్యా అని నన్ను అడిగిన రైతుకు నా దగ్గర జవాబు లేదు. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేస్తే హైకోర్టు తీసేయమంది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు దాకా పోయి ఓడి మళ్లీ సున్నం వేశారు. వేసిన ఖర్చూ మనదే, తీసిన ఖర్చూ మనదే.

కోశాధికారి గారికి ఒక్క మనవి. కర్రలు గట్టిగా పాతించండి, రోడ్డు వైపుకు వంచొద్దు. 2019 సెప్టెంబరులో చెన్నైలో ఒక పెళ్లి ఫ్లెక్సీ ఊడి బండి మీద పోతున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి మీద పడింది. ఆమె కింద పడింది, వెనక వచ్చిన ట్యాంకరు తొక్కేసింది. ఇరవై మూడేళ్లు. నేను దీన్ని తమాషాగా మాట్లాడలేను.

బురుజు నీడ:

డీటీ గారూ, ఫ్లెక్సీల చరిత్రలో మన కర్నూలును మరిచిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాం. 1956 నవంబరు 1న హైదరాబాదుకు పోయింది. అప్పట్లో ఉద్యోగుల కోసం వేసిన ఎ, బి, సి క్యాంపులన్నవి మిగిలాయి. 2020లో న్యాయ రాజధాని అన్నారు, కృతజ్ఞతల ఫ్లెక్సీలు ఎన్ని కట్టామో. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, మళ్లీ కట్టాం. హైకోర్టు కన్నా ముందు ఫ్లెక్సీ షాపులకు కర్నూలు రాజధాని అయింది.

అనంతపురం టీచరు:

అందరూ ఫొటోల సైజుల గురించి మాట్లాడుతున్నారు. కార్పొరేటరు భర్త ఫోను చేశాడన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

మా అనంతపురం పక్క మండలంలో మా పెద్దమ్మ కూతురు 2021లో సర్పంచిగా గెలిచింది. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి, కాబట్టి ఊరికి ఆడ సర్పంచి. ఊరి ముందు ఫ్లెక్సీలో మా బావ నిలువెత్తున, తెల్ల చొక్కాతో. అక్క పై మూలన బుడగలో, పెళ్లినాటి ఫొటోలోంచి కత్తిరించింది, పక్కన బావ చెవి సగం కనిపిస్తుంటుంది. కింద ఆయన పేరు, దాని కింద 'సర్పంచ్ భర్త' అని. రాజ్యాంగంలో వెతికితే ఆ పదవి దొరకదు గాని, మండల మీటింగులో దానికి కుర్చీ ఉంది. అక్క పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీలో కూడా ఆయనే నవ్వుతున్నాడు.

అక్కకు ఫొటో బాధ లేదు. చెక్కు మీద సంతకం పెట్టమని పుస్తకం ఇంటికి పంపుతారు చూడండి, అదే బాధ. ఒకసారి సంతకం పెట్టకుండా "ఇది దేనికి?" అని అడిగిందట. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

కోశాధికారి గారూ, మీరు ఆ భర్త గారి ఫొటో కోసం ఎదురుచూడకండి. కార్పొరేటరమ్మకే ఫోను చేయండి. నంబరు లేదంటారా? అఫిడవిట్‌లో వేశారేమో చూడండి, లేదా వాళ్ల వీధిలో ఆడవాళ్లనడిగితే ఇస్తారు.

సి క్యాంపు కోశాధికారి:

అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్తాను.

కడప అన్న చెప్పినట్టు రెండు ఫ్లెక్సీల ప్లాను పెట్టాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. వెంటనే కొత్త పేచీ: కుడి పక్క ఎవరిది? స్వామి అభయహస్తం కుడి చెయ్యి కాబట్టి అధికారపక్షం అటే ఉండాలని కాంట్రాక్టరు. తొండం తిరిగింది ఎడమకు, స్వామి చూపు మా వైపే అని వెంచర్ల ఆయన. చివరికి పంతులు గారిని పిలిచాం. ఆయన తెలివైనవాడు, "దేవుడి కుడి భక్తుడికి ఎడమ" అని చెప్పి దక్షిణ తీసుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ తమదే కుడి అని సంతోషంగా ఉన్నారు.

ఫ్రేము డబ్బులు ఇద్దరి దగ్గరా ముందే తీసుకున్నాను. కుర్రాళ్లకు స్టేటస్ డిజైన్లు ఇప్పించాను, ఒకడు మాత్రం తన తలకు కిరీటం పెట్టమన్నాడు, పెట్టించాను. కిరీటం ఖాళీగానే ఉంది కదా, మండపం ఫ్లెక్సీలో దేవుణ్ణి పెద్దది చేశాక పాతది మిగిలింది.

టీచరు గారు చెప్పినట్టు కార్పొరేటరమ్మకు ఫోను చేశాను. మా ఆవిడ స్నేహితురాలి దగ్గర నంబరు దొరికింది. ఫొటో మాట ఎత్తితే ఆమె "అవన్నీ ఆయన చూసుకుంటాడులే" అని, మండపం దగ్గర కాలువ మీద పగిలిన మూత ఉందంట కదా, పిల్లలు తిరుగుతారు, దాని ఫొటో పంపు అంది. పంపాను. ఇంకా ఎవరూ రాలేదు గాని, రెండు టిక్కులూ నీలం అయ్యాయి.

భర్త గారి లేటెస్ట్ ఫొటో కూడా వచ్చింది. నల్లద్దాలు, చెవి దగ్గర ఫోను.

పత్తికొండ రైతు:

సార్, వేరే పని మీద అడుగుతాండా. నిమజ్జనం అయినాక ఆ రెండు పది బై ఎనిమిదివి ఏం చేస్తారు? మాకు బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, పీకే టైము. కుప్ప మీద కప్పడానికి పట్టా కొందామంటే రేటు మండిపోతాంది. ఎంతకిస్తారో చెప్పండి, కేసీ కాలువ ఘాటు కాడికి నేనే ఆటో తీసుకుని వస్తా.

కడప డిజైనర్:

గుడ్డ తీసుకోండి, ఫ్రేము షాపువాళ్లకు వదిలేయండి. 280 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 280 గ్రాముల గుడ్డ అయితే రెండు వానలకు ఆగుతుంది.

సి క్యాంపు కోశాధికారి:

నాకు ఇవ్వాలనే ఉందప్పా. కానీ వాళ్లిద్దర్నీ అడగాలి. పెద్దపెద్ద నాయకుల ముఖాలు, బుడ్డల కుప్ప మీద అంటే ఏమంటారో.

పత్తికొండ రైతు:

తిరగేసి కప్పుతాలే సార్. మాకు తెల్ల పక్కే కావాల, ఎండకు వేడెక్కదు.